వేషం – విశ్వాసం

పాఠ్యభాగ ఉద్దేశం

మన చుట్టూ జీవించే పశుపక్ష్యాదులు మనలను ఎట్లా గుర్తిస్తాయో తెలుసుకోవడం విజ్ఞానదాయకం. అంతేకాక, వాటిపట్ల మన ప్రవర్తనను సరిదిద్దుకోవడానికి కూడా అది ఉపకరిస్తుంది. పెంపుడు పెద్దబాతులు తమ యజమాని దుస్తులలోను, రూపంలోను కలిగే మార్పులకు ఎందుకు బెదురుతాయో, ఆ బెదురు వెనుక ఉన్న ప్రకృతి ధర్మం ఏమిటో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మనిషి ఎదుటి మనిషిని చూడగానే ముందుగా గమనించేది వేషాన్ని. కట్టుకున్న బట్టను బట్టి మర్యాద చేయడం, మర్యాద తగ్గించడం లోకంలో తరచుగా కనిపించేదే. పెంపుడు జంతువులకు ఈ భేదబుద్ధి ఉండదని, వాటికి పట్టుబట్ట అయినా గోనెపట్టా అయినా ఒకటేనని సాధారణంగా భావిస్తాం. ఈ భావనలో సగమే నిజం ఉంది. పట్టుకు, గోనెకు మధ్య ఉన్న వెలభేదం పక్షికి తెలియదు. కాని యజమాని నిన్నటి రూపానికి, నేటి రూపానికి మధ్య ఉన్న భేదం దానికి తప్పక తెలుస్తుంది. పెరటిలో పెద్దబాతులను పెంచేవారికి ఇది అనుభవైకవేద్యం.

వరంగల్ నుంచి తొర్రూరు మీదుగా ఖమ్మం వెళ్లే రహదారిపై మరిపెడ ఉంది. పూర్వం వరంగల్ జిల్లాలో భాగంగా ఉండి, 2016లో ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలో చేరిన మండల కేంద్రమిది. చుట్టూ వరిమళ్లు, మిరప, పత్తి చేలు, లంబాడీ తండాలు ఉన్న ప్రాంతం. ఇటువంటి ఊరిలో ఒక ఇంట నాలుగు పెద్దబాతులను పెంచుతున్నారనుకుందాం. ఆ ఇంటి ఇల్లాలు ప్రతి ఉదయం పాత నేతచీర కట్టుకొని, కొంగు నడుముకు దోపి, నూకలు, తవుడు కలిపిన మేత తెచ్చి పెడుతుంది. బతుకమ్మ పండుగనాడు ఆమె జరీ అంచు పట్టుచీర కట్టి, సిగలో పూలు ముడిచి, అదే గంపతో పెరటిలోకి వస్తుంది. మంద ఒక్కసారిగా మెడలు నిక్కించి నిలిచిపోతుంది. మగపక్షి మెడను నేలబారుగా చాచి బుసకొడుతుంది. "ఇన్నాళ్లు మేత పెట్టిన చేతినే మరచిపోయాయే!" అని ఆమె మనసు నొచ్చుకోవడం సహజం. కోపం వచ్చి కర్ర అందుకోవడమూ సహజమే. ఆ పక్షులు నిజంగా ఆమెను మరచిపోయాయా? ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే ముందుగా పెద్దబాతు స్వభావాన్ని పరిశీలించాలి.

తెలుగులో 'బాతు' అనే మాటను రెండు భిన్నజాతులకు వాడుతున్నాం. పొట్టి మెడతో, ఎక్కువ కాలం నీటిలో గడిపేది సాధారణమైన బాతు. పొడవైన మెడతో, బరువైన దేహంతో, నేలమీద గడ్డి మేస్తూ తిరిగేది పెద్దబాతు. నేడు ప్రపంచంలో పెంచుతున్న పెద్దబాతులకు మూలజాతులు ప్రధానంగా రెండు. ఐరోపా పెంపుడు పక్షులకు మూలం బూడిదరంగు అడవి పెద్దబాతు. చైనా పెంపుడు పక్షులకు మూలం హంసమెడ గల మరొక అడవిజాతి. ముక్కు మొదట బుడిపె ఉన్న పెంపుడు పక్షులు ఈ రెండవ వంశానికి చెందినవి. మన ప్రాచీన సాహిత్యంలోని హంస అనేక సందర్భాలలో పెద్దబాతేనని డచ్చి పండితుడు జె. పి. వోగెల్ 1962లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. ఓరుగల్లు కోటలోని కాకతీయుల కీర్తితోరణాలపై కనిపించే హంసలను చూసినప్పుడు, ఈ పక్షితో మన నేలకు ఉన్న పరిచయం ఎంత పాతదో తెలుస్తుంది.

పెద్దబాతు గొప్ప కాపలాదారు. క్రీస్తుపూర్వం 390 ప్రాంతంలో గాల్ జాతివారు రాత్రివేళ రోము నగరంలోని కాపిటోలు కొండను ఎక్కుతుండగా, కుక్కలు మొరగకపోయినా జూనో దేవత ఆలయంలోని పెద్దబాతులు అరచి కావలివారిని మేల్కొలిపాయని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. ఆధునిక కాలంలోను స్కాట్లాండులోని డంబార్టన్ పట్టణంలో ఒక పెద్ద గిడ్డంగుల సముదాయానికి 1959 నుంచి 2012 వరకు పెద్దబాతుల మంద కాపలా కాసింది. కాపలా అంటే ఏమిటి? తెలిసినదానిని తెలియనిదాని నుంచి వేరుచేయడమే. నిన్న లేనిది నేడు కనిపిస్తే హెచ్చరించడమే. దొంగను చూసి అరచే గుణమూ, పండుగనాటి ఇల్లాలిని చూసి బుసకొట్టే గుణమూ వేరువేరు కావు. ఒకటి కావాలని, మరొకటి వద్దని కోరడానికి వీలులేదు.

ఇక పక్షి దృష్టి విషయం. మానవుని కంటిలో రంగులను గ్రహించే శంకుకణాలు మూడు రకాలు. పగటి పక్షుల కంటిలో ఇవి నాలుగు రకాలు. అందువలన మనం చూసే రంగులతో పాటు, ఊదారంగుకు ఆవల ఉన్న అతినీలలోహిత కాంతిలో కొంత భాగాన్ని కూడా పక్షులు గ్రహించగలవు. మనకు ఒకే తెలుపుగా కనిపించే రెండు వస్త్రాలు పక్షి కంటికి రెండు రంగులుగా కనిపించే అవకాశం ఉంది. పెద్దబాతు కళ్లు తలకు రెండు ప్రక్కల ఉండటం వలన అది తల తిప్పకుండానే తన చుట్టూ చాలా మేరకు చూడగలదు. ఏదైనా వస్తువును నిదానించి చూడవలసి వచ్చినప్పుడు తలను ప్రక్కకు వాల్చి ఒక కంటితో పరిశీలిస్తుంది. పైగా దాని తల మన నడుము ఎత్తుకు మించదు. కనుక మనిషిలో దాని కంటికి ఎదురుగా ఉండేవి చీర కుచ్చిళ్లు, పంచె, ప్యాంటు, చెప్పులు. మనకు ముఖం ఎంత ముఖ్యమో, ఆ ఎత్తునుంచి చూసే ప్రాణికి కట్టుబట్ట అంత ప్రస్ఫుటం.

పక్షి మనిషిని తన మనసులో ఎట్లా నిలుపుకుంటుందన్న విషయంపై శాస్త్రజ్ఞులు ఎంతో కృషి చేశారు. గుడ్డు నుంచి వెలువడిన కోడిపిల్ల మొదటి రోజులలో తన ఎదుట కదలిన దానిని అనుసరిస్తుందని ఆంగ్లేయుడు డగ్లస్ స్పాల్డింగ్ 1873లో రాశాడు. జర్మనీకి చెందిన ఆస్కార్ హైన్‌రోత్ 20వ శతాబ్ది తొలినాళ్లలో పెద్దబాతు పిల్లలలో ఇదే గుణాన్ని గమనించాడు. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కొన్రాడ్ లోరెంజ్ 1935లో ప్రకటించిన వ్యాసంలో దీనిని సమగ్రంగా వివరించాడు. గుడ్డు నుంచి బయటపడిన పెద్దబాతు పిల్ల తొలి గంటలలో ఎవరిని చూస్తే వారినే తల్లిగా స్వీకరిస్తుంది. మైనం మీద ముద్ర పడినట్లు ఆ రూపం దాని మనసులో పడుతుంది. దీనినే 'ఇంప్రింటింగ్' అంటారు. తెలుగులో 'తొలిముద్ర' అనవచ్చు. అడవిబాతు పిల్లలలో ఈ ముద్ర గుడ్డు వీడిన తరువాత 13 నుంచి 16 గంటల మధ్య అతిగాఢంగా పడుతుందని తరువాతి కాలంలో ఎకార్డ్ హెస్ ప్రయోగపూర్వకంగా చూపాడు. జంతు ప్రవర్తనపై చేసిన పరిశోధనలకు లోరెంజ్ 1973లో నికో టింబర్గెన్, కార్ల్ ఫాన్ ఫ్రిష్‌లతో కలిసి నోబెల్ బహుమతి పొందాడు.

లోరెంజ్ పరిశీలనలలో మన విషయానికి ఉపకరించేవి కొన్ని ఉన్నాయి. పెద్దబాతు పిల్లలు నిలువెత్తు మనిషిని కూడా తల్లిగా అంగీకరించాయి. అడవిబాతు పిల్లలు మాత్రం అతడు వంగి నడుస్తూ, బాతువలె అరుస్తూ ఉంటేనే వెంట నడిచాయి. అతడు నిటారుగా నిలబడితే దిక్కులేనివాటివలె ఏడ్చాయి. పాపం, ఆ శాస్త్రజ్ఞుడు ఎత్తైన గడ్డిలో గొంతుక్కూర్చొని బాతువలె అరుస్తూ గంటల తరబడి తిరిగాడు. గడ్డిలోని పిల్లలు కనబడని బాటసారులు అతనికి మతి చలించిందనుకున్నారు. ఇక పెద్దబాతు పిల్లలు అతడు నిలబడి నడిచినప్పుడు కొంత దూరంగా, నీటిలో ఈదుతూ తల మాత్రమే పైకి ఉంచినప్పుడు బాగా దగ్గరగా వచ్చేవి. తల్లి ఆకారం తమ కంటికి ఎంత పెద్దదిగా కనిపిస్తుందో దానిని బట్టి అవి తమ దూరాన్ని నిర్ణయించుకునేవి. అంటే పక్షికి మనిషి ఎవరన్నది ఎంత ముఖ్యమో, ఏ ఆకృతిలో కనిపిస్తున్నాడన్నదీ అంత ముఖ్యమే.

దుస్తుల ప్రభావాన్ని తెలిపే మరొక సంఘటనను లోరెంజ్ తన 'సోలమన్ రాజు ఉంగరం' అనే గ్రంథంలో చెప్పాడు. అతడు కాకి కుటుంబానికి చెందిన జాక్‌డా అనే పక్షులను పెంచేవాడు. అవి అతనికి బాగా మచ్చికైనవి. ఒకనాడు అతడు తడిసిన నల్లని ఈతదుస్తును జేబులోనుంచి బయటకు తీయగానే ఆ పక్షులన్నీ ఒక్కుమ్మడిగా అతనిపై దాడి చేశాయి. చేతిలో వేలాడే నల్లని మెత్తని వస్తువు వాటికి శత్రువు నోట చిక్కిన తమ సోదర పక్షివలె కనిపించింది. అటువంటి అనుభవం రెండు మూడు మార్లు కలిగితే అవి ఆ మనిషిని శాశ్వతంగా శత్రువుగా పరిగణిస్తాయని లోరెంజ్‌కు తెలుసు. అందుకే పిల్లపక్షుల కాళ్లకు గుర్తుకడియాలు తొడగవలసి వచ్చినప్పుడు అతడు కొమ్ములు, తోక ఉన్న భూతవేషం ధరించి ఇంటికప్పు ఎక్కాడు. పక్షుల కోపమంతా ఆ భూతం మీదికి పోయింది. వేషం తీసివేసిన లోరెంజ్‌తో వాటి స్నేహం చెక్కుచెదరలేదు.

వేషానికి ఉన్న ఈ శక్తిని పక్షుల సంరక్షణకు కూడా వినియోగించారు. కెనడాకు చెందిన బిల్ లిష్‌మన్ తనకు మచ్చికైన పెద్దబాతులను 1993లో చిన్న విమానం వెంట ఒంటారియో నుంచి అమెరికాలోని వర్జీనియాకు నడిపించాడు. ఆ అనుభవంతో 2001 నుంచి 2015 వరకు హూపింగ్ క్రేన్ అనే అరుదైన సారసజాతి పిల్లలకు వలసమార్గం నేర్పారు. ఆ పిల్లలు మనుషులకు అలవాటుపడితే అడవిలో బ్రతకలేవు. కనుక పెంచేవారు ఆపాదమస్తకం తెల్లని ముసుగు ధరించి, చేతికి సారసపు తల బొమ్మ తొడిగి మేత పెట్టేవారు. ఐరోపాలో ఐబిస్ జాతి పక్షులను పెంచే సంరక్షకులు దీనికి భిన్నమైన పద్ధతి పాటించారు. పిల్లలు తమను దూరం నుంచే గుర్తించేందుకు పసుపురంగు దుస్తులు ధరించారు. ఒకచోట దుస్తులు మనిషిని దాచాయి. మరొకచోట అవే మనిషిని చాటాయి.

అయితే పక్షి కేవలం బట్టను చూసి మోసపోతుందా? దీనికి సమాధానంగా రెండు ప్రయోగాలను పేర్కొనవచ్చు. పారిస్ నగరంలోని పావురాల ఎదుటికి ఒకే పోలిక గల ఇద్దరు పరిశోధకులు వేరువేరు రంగుల అంగీలు ధరించి వెళ్లారు. ఒకరు పావురాలను నెమ్మదిగా తిననిచ్చారు. మరొకరు తరిమారు. తరువాత ఇద్దరూ అంగీలను మార్చుకొని వచ్చినా పావురాలు తరిమిన మనిషికే దూరంగా ఉన్నాయి. ఈ ఫలితాలు 2011లో వెల్లడయ్యాయి. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు జాన్ మార్జ్లఫ్ బృందం 2006లో ఆదిమానవుని ముఖాన్ని పోలిన ముసుగు ధరించి కొన్ని కాకులను పట్టి విడిచిపెట్టింది. అటుపిమ్మట ఆ ముసుగును ఎవరు ధరించినా, వారు పొడవైనవారైనా పొట్టివారైనా, కాకులు చుట్టుముట్టి అరిచాయి. వేరొక ముసుగు ధరించినవారిని అవి అంతగా పట్టించుకోలేదు. పక్షులు దుస్తులను చూస్తాయి. కాని దుస్తులతో ఆగిపోవు. వాటిని దాటి ముఖాన్ని, నడవడిని కూడా చదువుతాయి.

మరి బెదురు ఎందుకు కలుగుతుంది? 1937లో లోరెంజ్, టింబర్గెన్‌లు అట్టతో ఒక పక్షి ఆకారాన్ని చేసి పక్షిపిల్లల తలలపైగా నడిపారు. దానికి ఒకవైపు పొట్టి కొస, మరొకవైపు పొడవైన కొస ఉన్నాయి. పొట్టి కొస ముందుండేట్లు నడిపితే అది డేగవలె, పొడవైన కొస ముందుండేట్లు నడిపితే పెద్దబాతువలె కనిపించేది. డేగ రూపానికి పిల్లలు జడిసాయి. పుట్టుకతోనే వాటికి డేగ రూపం తెలుసునని చాలామంది భావించారు. కాని 1961లో వోల్ఫ్‌గాంగ్ ష్లైట్ సీమకోళ్లతో ప్రయోగించి, భయానికి అసలు కారణం అపరిచితత్వమని చూపాడు. తరచుగా చూసిన రూపానికి పక్షి భయపడదు. అరుదుగా చూసిన రూపం ఏదైనా సరే దానిని భయపెడుతుంది.

ఈ సత్యాన్ని మన రైతులు ప్రయోగశాల లేకుండానే గ్రహించారు. మొక్కజొన్న, జొన్న చేలలో పక్షులను తోలడానికి కర్రకు పాత చొక్కా తొడిగి, కుండను తలగా బోర్లించి బెదురుబొమ్మను నిలబెడతారు. మొదటి దినాలలో చిలుకలు, పిచ్చుకలు ఆ చేను దరికి రావు. కదలని మనిషి వలన ఆపద లేదని తెలిసిన పిమ్మట అవి బొమ్మ భుజం మీదనే వాలుతాయి. అందుకే అనుభవజ్ఞుడైన రైతు బొమ్మను అప్పుడప్పుడు చోటు మారుస్తాడు, దాని చొక్కాను మారుస్తాడు. చివరకు మంచె ఎక్కి తానే వడిసెల త్రిప్పుతాడు. కొత్త చొక్కా భయాన్ని పుట్టిస్తుంది. పరిచయం ఆ భయాన్ని తీసివేస్తుంది. చేనిలో రైతుకు కొత్తదనం కావాలి. పెరటిలో పెంపకందారుకు పరిచయం కావాలి. నియమం మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఇప్పుడు మన ప్రశ్నకు సమాధానం స్పష్టమవుతుంది. పండుగనాడు పెద్దబాతులు ఇల్లాలిని మరచిపోలేదు. తాము ఎరిగిన మనిషిలో ఎరుగని దానిని చూశాయి. మెరిసే జరీ, గలగలలాడే గాజులు, మారిన తలకట్టు అన్నీ ఒక్కసారిగా ఎదురయ్యాయి. పరీక్షించి తెలుసుకునేదాకా దూరంగా ఉండటం వాటి ప్రాణరక్షణ ధర్మం. అద్దాలు, గవ్వలు కుట్టిన లంబాడీ దుస్తుల మధ్య తండాలో పెరిగిన పక్షికి ఆ మెరుపు నిత్యపరిచితం. ఆ దుస్తులను ఎన్నడూ చూడని పక్షికి అదే మెరుపు వింత. లోపం దుస్తులలో లేదు, పక్షిలోనూ లేదు. పరిచయం లేకపోవడంలోనే ఉంది. ఆ ఇల్లాలు కర్ర అందుకోకుండా కొంచెం దూరంలో నిలిచి, ప్రతిదినం పిలిచే పిలుపుతో పిలిస్తే మెడలు క్రమంగా దిగుతాయి. పెద్దబాతులకు స్వరం గొప్ప ఆనవాలు. గుడ్డులో ఉన్నప్పుడే పిల్ల, తల్లి ఒకదాని కూతకు మరొకటి బదులిస్తాయి. కంటికి కలిగిన సందేహాన్ని చెవి తీరుస్తుంది.

పెద్దబాతు జీవితంలో పరిచితులకు ఉన్న స్థానం చిన్నది కాదు. ఆస్ట్రియాలోని గ్రూనౌ పరిశోధన కేంద్రంలో పెద్దబాతుల గుండె స్పందనను నమోదు చేసి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఉరుము ఉరిమినప్పటికంటె, ప్రక్కనుంచి వాహనం వెళ్లినప్పటికంటె, తోటి పక్షులతో ఏర్పడే సంఘటనలలోనే వాటి గుండె అధికంగా స్పందించింది. ఉరుముకంటె బంధమే వాటి గుండెను ఎక్కువగా కదిలించింది. ఇరవై ఏళ్లకు పైగా జీవించగల ఈ పక్షి మనిషిని తన మందలో ఒకరిగా భావించినప్పుడు, ఆ మనిషి బాధ్యత కూడా పెరుగుతుంది.

ఇది యువతీయువకులు ప్రత్యేకంగా ఆలోచించవలసిన విషయం. చిన్నతనంలో ముచ్చటపడి పిల్లను పెంచిన విద్యార్థి చదువు కోసం హన్మకొండకో, ఖమ్మానికో వెళతాడు. నెలల తరువాత సెలవులకు ఇంటికి వస్తాడు. ఎత్తు పెరిగాడు. మీసం వచ్చింది. గొంతు మారింది. నిక్కరు స్థానంలో జీన్సు ప్యాంటు, తలపై టోపీ వచ్చాయి. అతడు పరుగున వచ్చి పక్షిని ఎత్తుకోబోతే అది బుసకొట్టవచ్చు. దానిని కృతఘ్నత అనరాదు. టోపీ తీసి, నేలమీద కూర్చొని, పాత పిలుపుతో పిలిచి, అది తనంతట తాను దగ్గరకు వచ్చేదాకా నిరీక్షించడమే అతడు చేయవలసిన పని. మారినది తానే కనుక ఓపిక వహించవలసినదీ తానే.

పెద్దబాతులను పెంచేవారు కొన్ని నియమాలను పాటించాలి. మేత పెట్టే సమయంలో సాధ్యమైనంత వరకు ఒకే రకమైన పైబట్ట ధరించడం మంచిది. పక్షులకు కనిపించకముందే మాట వినిపించాలి. వాటి ఎదుట గొడుగును హఠాత్తుగా విప్పకూడదు. మూలకు తరిమి పట్టుకోకూడదు. పొదిగే కాలంలో మగపక్షికి రోషం అధికం కనుక పిల్లలను దూరంగా ఉంచాలి. పిల్లపక్షులను చిన్నతనం నుంచే ఇంటివారందరికీ, అందరి దుస్తులకూ అలవాటు చేయాలి. అన్నింటికంటె ముఖ్యంగా, ఒక్క పిల్లను ఒంటరిగా పెంచకూడదు. మనిషి ముద్ర మాత్రమే పడిన పక్షి తన జాతితో కలిసి జీవించడానికి కష్టపడుతుంది. శీతకాలంలో మన చెరువులకు వలసవచ్చే అడవి పెద్దబాతులను పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని గుర్తుంచుకోవాలి.

దుస్తులు మనిషికి అలంకారం. పక్షికి అవి ఆనవాలు మాత్రమే. ఆనవాలు మారినప్పుడు అది బెదురుతుంది, నిలిచి చూస్తుంది, వింటుంది, పాత మనిషే అని నమ్మకం కుదిరిన తరువాత దగ్గరకు వస్తుంది. ఆ కొద్ది సమయాన్ని దానికి ఇవ్వగలిగినవాడే నిజమైన పెంపకందారు. వెల చూసి గౌరవించే గుణం పక్షికి లేదు. మంచిగా చూసిన చేతిని వేషం మారినా గుర్తుపట్టే గుణం మాత్రం ఉంది.

కఠిన పదాలు – అర్థాలు

అనుభవైకవేద్యం – అనుభవం వలన మాత్రమే తెలిసేది
ప్రస్ఫుటం – స్పష్టంగా కనిపించేది
ఆపాదమస్తకం – పాదాల నుంచి తల వరకు
అపరిచితత్వం – పరిచయం లేకపోవడం
కృతఘ్నత – చేసిన మేలు మరచిపోవడం
వడిసెల – రాళ్లు విసిరి పక్షులను తోలే సాధనం

ప్రశ్నలు

1. 'తొలిముద్ర' అనగానేమి? లోరెంజ్ పరిశీలనల ఆధారంగా వివరించండి.
2. పారిస్ పావురాల ప్రయోగం ద్వారా తెలిసిన విషయమేమి?
3. బెదురుబొమ్మ విషయంలో రైతు అనుసరించే పద్ధతికి, పెద్దబాతుల పెంపకానికి గల సంబంధాన్ని తెలపండి.
4. "మారినది తానే కనుక ఓపిక వహించవలసినదీ తానే" – సందర్భాన్ని వివరించండి.
5. మీ ఇంట్లో లేదా మీ ఊరిలో పెంచే ఏదైనా పక్షి, జంతువు మనుషులను గుర్తించే తీరును గమనించి పది వాక్యాలలో రాయండి.